సముద్రంలో వాడే రీల్‌కి ఆయిల్ ఎక్కడ, గ్రీజు ఎక్కడ, ఆ గరగర ఎక్కడ్నించి?

మీరు అడిగింది ఇదీ. చేపల గాలానికి దారం చుట్టే 4000 సైజు స్పిన్నింగ్ రీల్ కొన్నారు, నీళ్లు లోపలికి పోకుండా మూసి ఉండే సీల్డ్ రకం కాదు. వైజాగ్‌లో తెన్నేటి పార్కు రాళ్ల మీద, రుషికొండ వైపు దాదాపు ప్రతి ఆదివారం గాలం వేస్తున్నారు. కొన్ని నెలలకే హ్యాండిల్ బరువెక్కింది, తిప్పుతుంటే గరగరమంటోంది. ఒకాయన డబ్ల్యూడీ-40 కొట్టేయమన్నాడు, ఒకాయన విప్పి నిండా గ్రీజు కుక్కమన్నాడు, ఇంకొకాయన ఇంటికెళ్లగానే బకెట్‌లో ముంచమన్నాడు. ఇందులో ఏది కరెక్టు, ఏ ఆయిల్ వాడాలి, ఎన్నాళ్లకోసారి అని.

ముందు సూటిగా చెప్తా, తర్వాత కారణాలు. ఆ మూడూ వద్దండీ. వేటకి వెళ్లొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో మెల్లగా కడిగి తుడిచి నీడలో ఆరబెట్టండి, లైన్ రోలర్‌కి (దారం చుట్టుకునేటప్పుడు ఆనుకుని తిరిగే బుల్లి చక్రం) రెండు మూడు ట్రిప్పులకోసారి ఒక్క చుక్క పల్చటి ఆయిల్ వేయండి, ఏడాదికి ఒకట్రెండుసార్లు బాడీ విప్పి లోపలి గేరు పళ్లకి కొత్త గ్రీజు పూయండి. ఆయిల్ ఏ కంపెనీదన్నది ఆఖరి విషయం. నా దగ్గరికి బాగుచేయమని వచ్చే రీళ్లలో ఆయిల్ తక్కువై పోయినవి చాలా తక్కువ, ఉప్పు లోపల ఉండిపోయి పోయినవే ఎక్కువ, ఆ తర్వాత స్థానం అక్కర్లేని చోట గ్రీజు పెట్టి పాడుచేసినవాటిది.

ఉప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో ఇది వేరే చోట్ల కంటే ఎక్కువ పట్టించుకోవాల్సిన సంగతి. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వానాకాలం అయ్యాక ఉత్తరాన్నించి నదుల నీళ్లు కలిసి మన ఒడ్డున అది కొంత తగ్గుతుంది గానీ రీల్‌కి ఆ తేడా ఏం లెక్కకాదు. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది, అక్కడిదాకా అందరికీ తెలిసిందే. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుద్ది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమని లాక్కుని మళ్లీ నీరుగారిపోతుంది, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కదా, అది 33 శాతం తేమకే ఆ పని చేస్తుంది. వైజాగ్‌లో 33 శాతానికి తేమ పడిపోయే రోజులు ఎన్నుంటాయో మీరే చెప్పండి. అంటే మీరు రీల్ తుడిచి అలమరాలో పెట్టి ఆరిపోయింది అనుకుంటారు, లోపల మాత్రం బేరింగ్ పక్కన ఉప్పునీళ్లు వారమంతా తడిగానే ఉంటాయి. పైగా అల్యూమినియం బాడీ, స్టీల్ స్క్రూ, పినియన్ అనే చిన్న ఇత్తడి గేరు అన్నీ ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి, మధ్యలో ఉప్పునీళ్లు పడితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో ముందు తినేది అల్యూమినియాన్నే. స్క్రూల చుట్టూ పెయింట్ బుడగలొచ్చి తెల్ల పొడి రాలుతోందంటే జరుగుతున్నది ఇదే. ఇత్తడి మీదైతే పచ్చటి చిలుము పడుతుంది.

అందుకే కడగడం గురించే ఎక్కువ చెప్తా.

ఇంటికి రాగానే, రేపు చూద్దాం అనుకోకుండా ఆ సాయంత్రమే. ముందు డ్రాగ్ నాబ్ (చేప లాగితే దారం ఎంత బిగువుగా జారాలో సర్దేది) పూర్తిగా బిగించండి, లేకపోతే నీళ్లు దారం చుట్టుకునే స్పూల్ పైనుంచి డ్రాగ్ వాషర్లలోకి దిగుతాయి. బెయిల్ (దారాన్ని పట్టి స్పూల్ మీదికి నడిపే తీగ కమ్మీ) మూసి ఉంచండి. రాడ్‌కి ఉండగానే నిలువుగా పట్టుకుని కుళాయిని సన్నగా తిప్పి ఆ ధార కింద ఒక నిమిషం, లైన్ రోలర్ దగ్గర, బెయిల్ రెండు చివర్ల దగ్గర, స్పూల్ మీద చుట్టిన దారం మీద ఇంకొంచెంసేపు. కడుగుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పొద్దు. బైకులు కడిగే ప్రెషర్ పంపు, గార్డెన్ పైపుకి వేలు అడ్డంపెట్టి జెట్‌లా కొట్టడం అస్సలొద్దు, పైనున్న ఉప్పుని మీరే లోపలికి తోస్తున్నట్టు. వేడినీళ్లు కూడా వద్దు, లోపలి గ్రీజు పల్చబడి జారిపోతుంది. బకెట్‌లో ముంచడం ఎందుకొద్దంటే, సీల్ లేని రీల్‌లోకి నీళ్లు వెళ్లడానికి దారులుంటాయి, వెళ్లినవి బయటికొచ్చే దారి మాత్రం ఉండదు. పైన అంటుకున్న ఉప్పు ఆ బకెట్ నీళ్లలో కరిగి అవే నీళ్లు లోపలికి పోతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఏ నీళ్లు. బీచ్ రోడ్డు వైపు, సాగర్ నగర్ వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లే వస్తాయి, కొన్ని బోర్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. మాకు తెలిసినాయన ఒకరు చాలా శ్రద్ధగా ప్రతిసారీ కడిగేవారు, అయినా రీల్ మీద తెల్ల మచ్చలు, బేరింగ్‌లో తుప్పు. చూస్తే ఆ నీళ్లే కారణం. మీ బాల్చీ అడుగున తెల్లగా పేరుకుంటుందా చూసుకోండి. అలా ఉంటే మున్సిపల్ కుళాయి నీళ్లు ఒక బిందె పట్టి ఉంచుకోండి. ఆర్వో మెషిన్ నుంచి పక్కకి పోయే నీళ్లు వాడొద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం వడకట్టి వాడుకోవచ్చు, అవి గాలిలో తేమే కాబట్టి ఉప్పూ సున్నమూ ఉండవు, నేను ఆఖరిసారి పోయడానికి అవే వాడతా.

కడిగాక రీల్‌ని రెండుమూడుసార్లు విదిలించి మెత్తటి బట్టతో తుడిచి, స్పూల్ ఊడదీసి విడిగా పెట్టి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. ఇప్పుడు డ్రాగ్ నాబ్ వదులు చేయాలి, మళ్లీ వేటకెళ్లేదాకా వదులుగానే ఉండాలి. బిగించి వదిలేస్తే ఫెల్ట్ వాషర్లు నలిగి పల్చబడి, తర్వాత చేప లాగినప్పుడు డ్రాగ్ ఆగి ఆగి జారుతుంది, దారం తెగేది సరిగ్గా అప్పుడే. ఫైబర్ బోటులో ట్రోలింగ్ (కదిలే బోటు వెనక గాలం లాగడం) చేసే ఒక కుర్రాడు ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలవగానే పెద్ద రీల్‌ని ఫుల్ డ్రాగ్‌లోనే గోనెసంచిలో పెట్టేశాడు, జూన్‌లో తీస్తే స్పూల్ కదల్లేదు, వాషర్లు మెటల్‌కి అతుక్కుపోయి ఉన్నాయి.

ఇక ఆయిల్. పల్చటి ఆయిల్ పడాల్సిన చోట్లు స్పిన్నింగ్ రీల్‌లో పెద్దగా లేవు. లైన్ రోలర్, హ్యాండిల్ నాబ్ లోపల, స్పూల్ తీశాక కనిపించే మెయిన్ షాఫ్ట్ మీద సన్నటి పూత, బెయిల్ కదిలే కీళ్లు. అంతే. కీళ్లకి గ్రీజు ఐనా పర్లేదు.

వీటిలో లైన్ రోలర్ గురించి గట్టిగా చెప్తున్నా. రీల్ మొత్తంలో ముందు చచ్చేది అదే. మీరు దారం చుట్టిన ప్రతిసారీ బ్రెయిడ్ (అల్లిన దారం) పీల్చుకొచ్చిన ఉప్పునీళ్లు నేరుగా దాని మీదే పిండినట్టు పడతాయి. అందులో ఉండే బేరింగ్ చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. అది బిగుసుకుంటే రోలర్ తిరగడం మానేస్తుంది, దారం దాని మీద రాసుకుంటూ వెళ్తుంది, కొన్నాళ్లకి గాడి పడుతుంది, ఆ గాడిలో బ్రెయిడ్ నలిగి వంజరం పట్టినప్పుడు పుటుక్కున తెగిపోతుంది, మనం దారం మంచిది కాదు అనుకుంటాం. చెక్ చేయడం తేలిక, కొంచెం దారం తీసి రోలర్ మీదుగా రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి, రోలర్ కూడా తిరగాలి. తిరక్కపోతే ఆ ఒక్క స్క్రూ విప్పండి, కింద తెల్లటి గుడ్డ పరిచి మరీ విప్పండి, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోటో తీసి, బేరింగ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఊపి ఆరబెట్టి ఒక చుక్క ఆయిల్ వేసి పెట్టేయండి. అప్పటికీ గరుకుగానే ఉంటే కొత్తది వేయడమే.

డైవాలో మాగ్‌సీల్డ్ అని ఉన్న మోడల్స్‌కి ఇది వర్తించదు. అందులో అయస్కాంతం పట్టి ఉంచే ప్రత్యేకమైన ఆయిల్ ఉంటుంది, దాని మీద మన ఆయిల్ వేస్తే ఆ సీల్ చెడిపోతుంది. అలాంటివాటికి బయట కడిగి వదిలేయండి. మీది ఏ రీలైనా డబ్బాలో వచ్చిన కాయితం పారేయకండి, ఎక్కడ వేయాలో ఎక్కడ వేయకూడదో బాణం గుర్తులతో ఉంటుంది.

ఏ ఆయిల్ అంటే, రీల్ ఆయిల్ అని అమ్మేది చిన్న సీసా కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. దొరక్కపోతే కుట్టుమిషన్ ఆయిల్ వాడండి, పనిచేస్తుంది, కాకపోతే త్వరగా ఆరిపోతుంది కాబట్టి ఇంకాస్త తరచుగా వేయాలి. కొబ్బరినూనె వద్దే వద్దు. 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, డిసెంబరు తెల్లవారుజామున రాళ్ల మీద మీకు తెలుస్తుంది, పైగా పాతబడితే జిగురౌతుంది. డబ్ల్యూడీ-40 చెడ్డదని నేను అనను, అది 1953లో మెటల్ మీద నీళ్లు నిలిచి తుప్పు పట్టకుండా ఉండడానికి తయారుచేసింది, ఆ పని బాగానే చేస్తుంది, బిగుసుకున్న స్క్రూ విప్పడానికి నేనూ వాడతా. కానీ అది పళ్ల మీదున్న గ్రీజుని పల్చబరిచి కడిగేస్తుంది, తను మాత్రం అక్కడ ఎక్కువకాలం నిలవదు. కొట్టిన రోజు హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది, అందుకే బాగైపోయింది అనిపిస్తుంది, ఆ తర్వాత నుంచి పళ్లు ఒట్టి మెటల్ మీద మెటల్ అరుగుతుంటాయి. మీరు ఇప్పటికే కొట్టేసి ఉంటే కంగారేం లేదు, విప్పి గ్రీజు కొత్తది పెట్టేవరకు ఎక్కువ వాడకండి.

గ్రీజు ఎక్కడంటే, లోపల మెయిన్ గేరు, పినియన్ పళ్లు, షాఫ్ట్‌ని పైకీ కిందకీ నడిపే భాగం, హ్యాండిల్ మరలు. హ్యాండిల్ స్క్రూలా బిగించే రకమైతే ఆ మరకి తప్పకుండా సన్నగా పూయండి, లేదంటే ఉప్పుకి అతుక్కుపోయి ఆఖరికి ఊడదు. ఏ గ్రీజు అంటే మెరైన్ గ్రీజు, అందులో కాల్షియం సల్ఫొనేట్ అని రాసి ఉన్నది నీళ్లకి బాగా ఆగుతుంది, తుప్పు కూడా రానివ్వదు. బైకు మెకానిక్ దగ్గర దొరికే ఏపీ-3 గ్రీజు చిక్కగా ఉంటుంది, 4000 సైజు రీల్‌లో పెడితే హ్యాండిల్ రుబ్బురోలు తిప్పినట్టుంటుంది. పాత గ్రీజు మీదే కొత్తది వేయకండి, రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు నీరుగారిపోతుంది, మొత్తం తుడిచేసి అప్పుడు వేయండి. చిన్న పెయింట్ బ్రష్‌తో పళ్ల మధ్య సందులు నిండేంత, ఒకసారి తిప్పి చూసి ఎక్కువైంది తీసేయండి. నిండా కుక్కమన్న మాట ఎక్కడ్నించి వచ్చిందంటే, బోటు మీద వాడే పెద్ద ట్రోలింగ్ రీళ్లలో లోపలి గోడలకి కూడా గ్రీజు పూత వేస్తారు, అది నిజమే, మంచిదే కూడా. ఆ రీళ్ల లెక్క వేరు, మీ స్పిన్నింగ్ రీల్‌కి అది పనికిరాదు.

ఎందుకు పనికిరాదో చెప్తా. స్పూల్ చుట్టూ తిరిగే రోటర్ కింద వన్‌వే క్లచ్ అని ఒకటుంటుంది, హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపేది అదే. అందులో సన్నటి స్టీల్ రోలర్లు చిన్న చిన్న స్ప్రింగుల మీద నిలబడి ఉంటాయి, అవి షాఫ్ట్‌ని పట్టుకోవాలంటే పొడిగా, శుభ్రంగా ఉండాలి. గ్రీజు వెళ్లిందంటే జారతాయి. ఒకబ్బాయి జోడుగుళ్లపాలెం దగ్గర వేసేవాడు, ఏదో షాపులో సర్వీస్ చేయించాడట, బాగా మెత్తగా తిరుగుతోంది అని సంతోషంగా తీసుకెళ్లాడు, మొదటి మంచి పార చేప పడగానే గట్టిగా లాగితే హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగి వేళ్ల మీద కొట్టింది, చేప పోయింది. తెచ్చి చూపిస్తే క్లచ్ నిండా గ్రీజు. నేను చేసిందల్లా దాన్ని ఐసోప్రొపైల్‌లో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, సూదిమొన మీద నిలిచేంత పల్చటి ఆయిల్ తగిలించి పెట్టడమే, మళ్లీ ఒక్కసారి కూడా జారలేదు. క్లచ్‌ని ముక్కలుగా విప్పకండి, ఆ స్ప్రింగులు ఎగిరిపోతే దొరకవు.

డ్రాగ్ వాషర్లకి కూడా ఆయిల్ వద్దు, స్ప్రే అసలే వద్దు. ఫెల్ట్ ఐతే డ్రాగ్ గ్రీజు అని విడిగా అమ్మేది కొంచెం. కార్బన్ ఐతే పొడిగానూ నడుస్తుంది, డ్రాగ్ గ్రీజుతోనూ నడుస్తుంది, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచండి.

ఇప్పుడు మీ గరగర. విప్పేముందు అది ఎక్కడ్నించి వస్తోందో తెలుసుకోవచ్చు, చాలామంది ఇది చేయరు, అన్నీ విప్పేసి ఆఖరికి ఏది పాడైందో తెలీక అలాగే బిగించేస్తారు. స్పూల్ తీసేసి, దారం లేకుండా హ్యాండిల్ మెల్లగా తిప్పండి, ఇంకో చేత్తో బాడీ పట్టుకుని ఉండండి, గరుకు చేతికి తెలుస్తుంది. దారం లేకుండా నున్నగా ఉండి, బరువు లాగేటప్పుడు మాత్రమే సౌండొస్తే ముందు లైన్ రోలరే చూడండి. దారం లేకపోయినా వస్తోంది, అదీ హ్యాండిల్ ఒక చుట్టుకి ఒక్కసారే తగుల్తోంది అంటే మెయిన్ గేరు గానీ దాని రెండు పక్కల బేరింగులు గానీ. ఒక చుట్టులోనే ఐదారుసార్లు టకటకమంటోందంటే పినియన్ వైపు, ఎందుకంటే మీ సైజు రీళ్లలో హ్యాండిల్ ఒకసారి తిరిగితే రోటర్ ఐదారుసార్లు తిరుగుతుంది. స్పూల్ షాఫ్ట్ పైకెళ్లి కిందకొచ్చేటప్పుడు ఒక చోట మాత్రమే బరువుగా ఉంటే ఆ నడిపే భాగంలో ఇసుక గానీ ఎండిపోయిన గ్రీజు గానీ. మీరు చెప్పిందాన్ని బట్టి, రాళ్ల మీద అలల తుంపర తింటూ కొన్ని నెలలు నడిచింది కాబట్టి, నా అనుమానం పినియన్ బేరింగ్ మీద. అలాంటి రీల్ ఈ మధ్యే ఒకటి విప్పా, పక్క మూత తీయగానే గ్రీజు మొత్తం తెల్లబారిపోయి కనిపించింది. అలా ఉందంటే నీళ్లు లోపలికొచ్చి గ్రీజులో కలిసిపోయినట్టే, అది ఇంక దేన్నీ కాపాడదు, మొత్తం తీసేయాల్సిందే.

విప్పడం మొదటిసారైతే పక్క మూత వరకే విప్పండి, రోటర్ జోలికి వెళ్లకండి. రోటర్ నట్టు కొన్ని రీళ్లలో ఎదురు మరతో ఉంటుంది, తెలీక బలం పెడితే మర పోతుంది. జపాన్ రీళ్ల స్క్రూలకి మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదు, జారి తల చెడుతుంది, జిస్ (జపాన్ ప్రమాణం) రకం డ్రైవర్ ఒకటి కొనుక్కోండి. ప్రతి మెట్టుకీ ఫోన్‌లో ఫోటో, తీసినవి తీసిన వరసలో కోడిగుడ్ల ట్రేలో పెట్టుకోండి. కాయితమంత పల్చటి షిమ్ వాషర్లు బేరింగ్‌కి గ్రీజుతో అంటుకుని వచ్చేస్తాయి, గుడ్డతో తుడిచేటప్పుడు వాటిని కూడా పారేస్తారు, జాగ్రత్త. ఒక్క షిమ్ పోయినా పళ్ల మధ్య ఎడం మారి మళ్లీ సౌండే. మెటల్ భాగాలు కిరోసిన్‌లో కడగొచ్చు. ప్లాస్టిక్, రబ్బరు రింగులు, డ్రాగ్ వాషర్లు మాత్రం కిరోసిన్, పెట్రోల్‌కి దూరంగా పెట్టండి.

బేరింగ్ మార్చాల్సొస్తే కంపెనీ స్పేర్ కోసం నెలలు ఎదురుచూడక్కర్లేదు. అంచు మీద 688 లాంటి నంబర్ ఉంటే అదే అడగండి, అది 8 మిల్లీమీటర్ల లోపలి రంధ్రం, 16 మిల్లీమీటర్ల బయటి కొలత. నంబర్ లేకపోతే వెర్నియర్‌తో లోపల, బయట, మందం మూడూ కొలిచి రాసుకెళ్లండి. గాజువాక ఆటోనగర్ వైపు బేరింగ్ షాపుల్లో నాకు కొన్ని సైజులు దొరికాయి, లైన్ రోలర్‌వి లాంటి బుల్లివి మాత్రం ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటా. స్టెయిన్‌లెస్ అని అడగండి. స్టెయిన్‌లెస్ కూడా ఉప్పునీళ్లలో నానితే తుప్పు పడుతుంది, కాకపోతే మామూలు స్టీల్ కంటే చాలా ఎక్కువకాలం ఉంటుంది.

ఎన్నాళ్లకోసారి అన్నారు కదా. మీలా వారం వారం రాళ్ల మీద తుంపర తినే రీల్‌ని నాలుగు నెలలకోసారి పక్క మూత తీసి చూడండి, గ్రీజు రంగు మారకపోతే అలాగే మూసేయొచ్చు. బోటు మీద వెళ్లేవాళ్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ఉంటుంది, పూర్తి సర్వీస్‌కి అంతకంటే మంచి టైం లేదు, నేను మా వాళ్లందరివీ అప్పుడే చేస్తా. భీమిలి దగ్గర గోస్తనీ నది కలిసే చోట పండుగప్ప కోసం వేసేవాళ్లు అక్కడ నీళ్లు ఉప్పు తక్కువ అని కడగడం మానేస్తారు, అలా చేయకండి, పోటు మీద వచ్చేది సముద్రపు నీళ్లే, పైగా అక్కడ సన్నటి ఇసుక ఎక్కువ.

రీల్ ఇసుకలో పడినా, అల వచ్చి మునిగిపోయినా హ్యాండిల్ తిప్పొద్దు. అందరూ ముందు చేసేది అదే, పాడైందా లేదా చూద్దామని తిప్పుతారు, ఒక్క చుట్టుకే ఇసుక పళ్లలోకి, రోలర్‌లోకి వెళ్లిపోద్ది. మీ దగ్గరున్న తాగే నీళ్ల సీసా దాని మీద పోసేసి, ఆ రోజుకి పక్కన పెట్టి, ఆ రాత్రే విప్పండి.

సీల్డ్ రీల్ కొనుక్కోవాలా అని కూడా అడిగారు. రాళ్ల మీదే మీ వేటంతా ఐతే, వీలున్నప్పుడు కొనండి, నిజంగా తేడా ఉంటుంది. పెన్ స్పిన్‌ఫిషర్ 6 లాంటివి ఐపీఎక్స్5, స్లామర్ 3 ఐపీఎక్స్6, అంటే నీళ్లు జెట్‌లా కొట్టినా తట్టుకునేవి. కాకపోతే ఆ పరీక్ష చేసేది మంచినీళ్లతో, కొత్త సీళ్ల మీద. ఏళ్లు గడిచాక రబ్బరు ఎండుతుంది, లోపలికి ఒకసారి ఉప్పునీళ్లు వెళ్తే అదే సీల్ వాటిని బయటికి రానివ్వదు. కాబట్టి కడగడం, తుడవడం వాటికీ తప్పదు. ఇప్పుడున్న రీల్‌ని మాత్రం పారేయకండి, గేరు పళ్లు బాగుంటే ఒకట్రెండు బేరింగులు, కొత్త గ్రీజుతో మళ్లీ మామూలైపోతుంది.

ముందు ఆ స్పూల్ తీసి తిప్పే పరీక్ష చేసి, చుట్టుకి ఒక్కసారా ఐదారుసార్లా చెప్పండి. పక్క మూత విప్పాక లోపలి ఫోటో ఒకటి పెట్టండి, గ్రీజు రంగూ పినియన్ పళ్లూ కనిపించేలా వెలుతుర్లో తీయండి, ఏ బేరింగ్ కొనాలో చూసి చెప్తా.